ఒక్క ముఖము కొరకు పాఠము

మైక్రోఫోను ముందు కూర్చున్నవానికి ఎదుట గోడ తప్ప మరేమియు కనబడదు. సభలో ఉపన్యసించువాడు ముందువరుసలోని ముఖములు చూచి గొంతు తగ్గించును, హెచ్చించును. రంగస్థలముపై నటునకు చప్పట్లైనను ఈలలైనను వినబడును. రేడియో ప్రసంగకర్తకు ఆ భాగ్యము లేదు. అందుచేత ప్రసంగము వ్రాయునపుడే 'దీనిని ఎవరు విందురు?' అను ప్రశ్న మా వృత్తిలోనివారి నందరిని వేధించును. 'అందరును విందురు' అనుట సమాధానము కాదు. అందరి కొరకని వ్రాసినది తరచుగా ఎవరి చెవిని బడకయే గాలిలో కలిసిపోవును.

నేడు సెల్‌ఫోనులోను, కంప్యూటరులోను పాఠములు కూర్చువారికి సరిగా ఇదే చిక్కు వచ్చినది. వారికిని తమ విద్యార్థి కనబడడు. ఇందులకు వారు అవలంబించు ఉపాయమునకు 'పెర్సోనా' అని పేరు. లాటిన్ భాషలో ఈ మాటకు నటుడు ధరించు ముసుగు అని అర్థము. పని ప్రారంభింపక పూర్వమే, నేర్చుకొనబోవువారిలో కొందరి వద్దకు పోయి తీరికగా మాటాడుదురు. వారి మాటలలో మరల మరల కనబడిన అలవాట్లను, కష్టములను, ఆశలను ఏరి కూర్చి ఒక్క మనిషిని కల్పింతురు. ఆ మనిషికి ఒక పేరు, ఒక వయస్సు, ఒక దినచర్య ఉండును. పిమ్మట ప్రతి నిర్ణయమును ఆ ఒక్కరి ఎదుట బెట్టి చూతురు. మాట కొత్తదే కాని, దాని వెనుకనున్న అన్వేషణ కొత్తది కాదు. అందులో మన దేశమునకును, మన రేడియోకును పాత్ర కలదు.

1956 ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వరకు ఆలిండియా రేడియో పూనా కేంద్రము, యునెస్కో తోడ్పాటుతో, అప్పటి బొంబాయి రాష్ట్రమున 5 జిల్లాలలోని 150 గ్రామములందు రేడియో గోష్ఠులు నడిపినది. వారమునకు రెండుమారులు అరగంటసేపు కార్యక్రమము. మొత్తము 20 కార్యక్రమములు. గ్రామములో ఇరువదిమంది వరకు ఒకచోట చేరి విని, విన్నదానిని గూర్చి చర్చించి, తమ సందేహములను కేంద్రమునకు వ్రాసి పంపెడివారు. వానికి సమాధానములు తరువాతి ప్రసారములలో వచ్చెడివి. పాల్ న్యూరాత్ అను సమాజశాస్త్రవేత్త గోష్ఠులకు ముందొకమారు, తరువాత నొకమారు గ్రామస్థులను ప్రశ్నింపజేసి, గోష్ఠులు లేని గ్రామములతో పోల్చి చూచెను. గోష్ఠులు జరిగిన చోట్ల తెలివిడి స్పష్టముగా పెరిగినదని తేలెను. అప్పటి రేడియో డైరెక్టర్ జనరల్ జగదీశ్ చంద్ర మాథుర్, న్యూరాత్ కలిసి వ్రాసిన నివేదికను యునెస్కో 1959లో ప్రచురించినది.

ఆ నివేదికలోని పట్టికల కన్న మమ్ము ఆకర్షించునది ఆ సందేహముల కాగితమే. అంతవరకు గోడతో మాటాడిన రచయితకు గోడ నుండి బదులు వచ్చినది! ప్రశ్న వేసినవాని బట్టి అతని పొలము, అతని అప్పు, అతనికి తెలియని మాట ఇవన్నియు పోల్చుకొనవచ్చును. అయితే ఆ బదులు కార్యక్రమము ప్రసారమైన పిమ్మట వచ్చినది. ముందే తెలిసికొనుట యెట్లు?

ఆ ప్రయత్నము 1975లో జరిగెను. ఆ సంవత్సరము ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ద్వారా మన దేశమున 6 రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు అందించిరి. దీనినే 'సైట్' ప్రయోగమందురు. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు. హిందీ, ఒరియా, కన్నడములతోపాటు తెలుగు కూడ అందులో నుండెను. తెలుగు ప్రసారము అందిన పల్లెలలో మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాలవి కలవు. కార్యక్రమములు తయారగుటకు ముందే పరిశోధకులు పల్లెలకు పోయి, అచ్చటివారి బ్రదుకుతెరువును, అవసరములను విచారించి ప్రేక్షక పరిచయ నివేదికలు సిద్ధపరచిరి. కొందరు మానవశాస్త్రజ్ఞులు నెలల తరబడి ఆ పల్లెలలోనే నివసించిరి. ఇంతటి శ్రద్ధ అంతకు మునుపు మన దేశమున ఏ విద్యాప్రసారమునకును జరిగియుండలేదని మా యభిప్రాయము.

అయినను ఒకచోట అడుసులో కాలు దిగబడినది. బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ మూడింటికిని ఒకే హిందీ ప్రసారము. దర్భంగ వైపు ఇంటిలో పలుకునది మైథిలి. రాయపూర్ పల్లెలలో ఛత్తీస్‌గఢీ. కోట ప్రాంతమున హాడౌతీ. ఈ ముగ్గురిని కలిపి 'హిందీ గ్రామస్థుడు' అని పిలిచినచో అట్టివాడు ఏ పల్లెలోను దొరకడు. భాష బోధపడలేదన్న ఫిర్యాదు ఆ ప్రాంతములనుండి వినవచ్చినది. మెదక్ పిల్లవానికి ఏ తెలుగులో చెప్పవలె నను ప్రశ్నయు ఇట్టిదే. (ఈ వ్యాసపు భాషను జూచి ఇచ్చట నవ్వుకొను పాఠకులను మేము తప్పుపట్టము.) నివేదికలు లేకపోలేదు, కాని నివేదికలో నుండునది శాతములు. వ్రాయువాని బల్లకు ఎదుట శాతము వచ్చి కూర్చుండదు. మనిషి కూర్చుండును.

ఫలితములలో ఒకటి మాత్రము మరువరానిది. ఆ ప్రసారములవలన కొత్త సంగతులు ఎక్కువగా గ్రహించినవారు చదువుకొన్న పురుషులు కారు, స్త్రీలు, నిరక్షరాస్యులు. పట్టణపు గదిలో కూర్చున్న రచయిత ఊహకు చివర తట్టువారు వీరే.

ఆ మనిషిని బల్లకు ఎదుట కూర్చుండబెట్టిన కథ అమెరికాలో జరిగినది. 1983లో కాలిఫోర్నియాలో అలన్ కూపర్ అను కంప్యూటరు ప్రోగ్రాముల రచయిత, కార్యాలయములలో పనులను పథకము ప్రకారము నడపుటకొక ప్రోగ్రాము వ్రాయుచుండెను. ముందుగా ఏడెనిమిదిమంది పరిచితులతో మాటాడెను. వారిలో ఒక ప్రకటనల సంస్థలో ఉద్యోగులకు పనులు పంచిపెట్టు స్త్రీ మాటలు ఆతని మనస్సున నాటుకొన్నవి. వ్రాసిన ప్రోగ్రామును యంత్రము జీర్ణించుకొనుటకు ఆ రోజులలో చాలసేపు పట్టెడిది. ఆ వ్యవధిలో ఆతడు సమీపపు గోల్ఫు మైదానమున తిరుగుచు, తానే ఆ స్త్రీయైనట్లు మాటాడుచు, ఫలానా సదుపాయము తనకు నిజముగా కావలెనా యని ప్రశ్నించుకొనెడివాడట. దారినపోవువారు ఏమనుకొనిరో! 1990 దశాబ్దము చివర ఆతని పుస్తకముతో ఈ పద్ధతి లోకమునకు పెర్సోనా అను పేరున పరిచయమైనది.

అందరి సగటును దీసినచో చాలదా యని అడుగవచ్చును. దీనికి 1950లో అమెరికా వైమానికదళమున సమాధానము దొరికినది. గిల్బర్ట్ డేనియల్స్ అను పరిశోధకుడు 4,063 మంది విమానచోదకుల కొలతలను పది అంశములలో పరిశీలించగా, పదింటను సగటునకు దగ్గరగా నున్నవాడు ఒక్కడును లేడని తేలెను. సగటు మనిషి కొరకు కుట్టిన చొక్కా ఎవరికిని పట్టదు.

విద్యావిషయమున మరియొక చిక్కు కలదు. బజారులో కూర కొనువాడే ఆ కూర తినును; పాఠముల సంగతి అట్లు కాదు. డబ్బిచ్చువాడు తండ్రి, ఒప్పుకొనువాడు ప్రధానోపాధ్యాయుడు, నడపునది పంతులమ్మ, నేర్చుకొనునది పిల్ల. నలుగురి కోరికలు నాలుగు. తండ్రికి మార్కులు కావలెను. పంతులమ్మకు మరియొక రిజిస్టరు నింపుపని తగులకుండిన చాలును. అందుచేత నలుగురితోను వేర్వేరుగా మాటాడి నాలుగు ముఖములు గీసికొని, వానిలో ఎవరు ప్రధానమో ముందే తేల్చుకొనవలెను. తేల్చుకొనకున్నచో డబ్బిచ్చువాడే ప్రధానుడగును. ఇది తరచుగా జరుగుచున్నది.

ఇక మాటాడు తీరు. 'ఇట్టి పాఠము మీకు నచ్చునా?' అని అడిగినచో మన పల్లెలలో వచ్చినవాని మర్యాద కొరకైనను 'బాగున్నదండీ' అందురు. ఆ మాట దేనికిని పనికిరాదు. నిన్న సాయంకాలము బడినుండి వచ్చి ఏమి చేసితివి, పుస్తకము ఎచ్చట బెట్టితివి, లెక్క రాకపోయిన ఎవరిని అడిగితివి అని జరిగినదానిని గూర్చి అడుగవలెను. అడిగి ఊరకుండవలెను. ఇంటనే కూర్చుండి వినినచో, చెప్పనివి కూడ కంటబడును. కొందరు ఈ శ్రమ మాని, కార్యాలయములోనే కాఫీ త్రాగుచు బొమ్మతో సహా పెర్సోనాలను సృష్టింతురు. అవి నిజముగా ముసుగులే. వెనుక మనిషి లేడు.

అట్టి సంభాషణల పిమ్మట గీసిన ముఖము ఎట్లుండునో ఊహింతము. పదునొకండేండ్ల బాలిక, పేరు పాఠకులే పెట్టుకొనవచ్చును. ఇంటికి ఒకే సెల్‌ఫోను, అది తండ్రి వెంట పొలమునకు పోవును. రాత్రి ఏడున్నరకు ఆయన అన్నము తినుచుండగా ఆమె చేతికి వచ్చును. అన్న అడుగువరకు పావుగంట. తమ్ముడు ప్రక్కన నిదురించుచుండుటచే శబ్దము తగ్గింపవలెను. భాగహారము వరకు వచ్చును, భిన్నములు రావు. రావని బడిలో చెప్పుటకు సిగ్గు. ఈమెను ఎదుట బెట్టుకొన్న రచయిత నలుబది నిమిషముల పాఠము వ్రాయడు. పది నిమిషములకు తెగునట్లు, వినకున్నను బోధపడునట్లు, తప్పు చేసినపుడు గంట మ్రోగనట్లు వ్రాయును.