నఖల్, అసల్, నీళ్లు

పోయిన ఎండాకాలం సెలవుల్లో వీపనగండ్లలోని మా ఇంట్లో మా బేటీ ఒక తస్వీర్‌ని నఖల్ చేయడం మొదలుపెట్టింది. జపాన్ ముసవ్విర్ హొకుసాయ్ వేసిన 'కనగావా పెద్ద అల' అది. ఫోన్‌లో చూస్తూ, నీళ్ల రంగులతో వేస్తోంది.

"అబ్బూ, అసలుది అచ్చు అంట కదా. అచ్చుని కుంచెతో వేస్తే గలత్ అయితదా?"

ఆ సవాల్‌కు జవాబ్ తారీఖ్‌లోనే దొరికింది. 1831 ప్రాంతంలో సుమారు డెబ్బై ఏళ్ల హొకుసాయ్ కాగజ్ మీద గీస్తే, దాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అతికించి చెక్కేవారు. ఆ చెక్కడంలోనే అసల్ కాగజ్ ఖతమ్! ఒక్కో రంగుకు ఒక్కో చెక్క. నీళ్లలో కలిపిన రంగు, బియ్యం గంజి చెక్కకు పూసి, మల్బరీ జాతి చెట్ల బెరడుతో చేసిన తడి కాగితం పరిచి, వెనక నుంచి రుద్దేవారు. అంటే అచ్చు కూడా నీళ్ల రంగే.

ఆ నీలం సఫర్ మరీ అజీబ్. 18వ సదీ మొదట్లో బెర్లిన్‌లో పుట్టి, సౌదాగర్ల ఓడల్లో జపాన్ చేరింది. అంతకుముందే మన కోరమండల్ తీరపు అద్దకం బట్టలు డచ్చి ఓడల్లో అక్కడికి వెళ్లాయి. జపాన్ వాళ్లు వాటిని 'సరసా' అన్నారు. కుతుబ్‌షాహీల మచిలీపట్నం ఆ తిజారత్‌కు పెద్ద బందర్‌గాహ్.

నఖల్ అంటే చోరీ కాదు. ఉర్దూ మీడియం మదరసాలో ఉస్తాద్ రాసిచ్చిన హర్ఫ్ చూసి తఖ్తీ మీద మష్క్ చేసినవాళ్లం మనం. 1887లో వాన్‌గో సైతం హిరోషిగే వాన తస్వీర్‌ని నూనె రంగుల్లో నఖల్ చేశాడు.

అల పూర్తయ్యాక మా అమ్మీ దగ్గరగా పట్టుకుని చూసింది. ఆమె మాయికా శ్రీశైలం ముంపులో పోయిన ఊరు.

"పడవల్ల మనుషులున్నరా బేటీ?"

"ఉన్నరు దాదీ. వంగి పట్టుకున్నరు."

"మా ఊరి మీదికి నీళ్లు గిట్ల లేచి రాలే. సప్పుడు లేకుండ వచ్చినయ్. ముందు ఖబరస్తాన్, తర్వాత మస్జిద్, తర్వాత మా దర్వాజా."

మర్నాడు బేటీ కొత్త కాగితం తీసుకుంది. ఈసారి ముందు ఫోన్ లేదు. దాదీ పక్కన కూర్చుని ఏ ఇల్లు ఎక్కడుండేదో చెబుతుంటే, నీలం కింద వాటిని ఒక్కొక్కటే గీస్తోంది.