108కి చెప్పాలన్నా ఫోనుండాలిగా!

2009 సెప్టెంబరు 2, బుధవారం. ఉదయం 8.38కి హైదరాబాదు బేగంపేటలో బెల్ 430 హెలికాప్టర్ లేచింది. లోపల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, ప్రత్యేక కార్యదర్శి సుబ్రహ్మణ్యం, భద్రతాధికారి వెస్లీ, ఇద్దరు పైలట్లు. చిత్తూరు జిల్లాలో రచ్చబండ మొదలుపెట్టాలి. జనం కష్టం జనం నోటే వినాలన్నది ఆ కార్యక్రమం ఉద్దేశం.

నల్లమల అడవి మీద దట్టంగా మబ్బు. 9.27 ప్రాంతంలో హెలికాప్టర్‌తో మాట తెగిపోయింది.

పదిన్నర దాటింది. చిత్తూరులో దిగలేదు. ఎక్కడైనా దించారా? ఎవరైనా చూశారా? హైదరాబాదు అడుగుతోంది, అడవి పలకడం లేదు. వాన ఆగలేదు. సీఆర్‌పీఎఫ్, గ్రేహౌండ్స్ బలగాలు అడవిలోకి దిగాయి. పైన రాడార్ ఉన్న సుఖోయ్ యుద్ధవిమానం ఎగిరింది. ఇస్రో ఉపగ్రహం చేత ఫొటోలు తీయించారు. ఆ అడవిలో ఉండే చెంచుల సాయమూ అడిగారు. రాత్రి గడిచిపోయింది. మర్నాడు పొద్దున వైమానిక దళం పావురాలగుట్ట మీద శకలాలను చూసింది. ఐదుగురిలో ఒక్కరూ మిగల్లేదు.

పక్కనే ఫోనున్నా ఆ ప్రాణాలు నిలిచేవి కావు. కానీ కబురు తెలియక రాజధాని ఆ ఒక్క రాత్రి పడ్డ నరకం అడవి గూడేలకు కొత్త కాదు.

కొండకు ఇటువైపు

నల్లమల తూర్పు వాలులో చాలా భాగం పశ్చిమ ప్రకాశం ప్రాంతమే: యర్రగొండపాలెం, దోర్నాల, అర్ధవీడు, గిద్దలూరు. లోపలి గూడెంలో కాన్పు రాత్రి ఎలా గడుస్తుందో చూడండి. ఇది ఒక ఇంట్లో జరిగినది కాదు, అక్కడి బతుకు తీరును బట్టి అల్లిన దృశ్యం.

"నొప్పులు ఎక్కువైనాయి. 108కి చెప్పు అబ్బయా."

"ఈడ సిగ్నలేదత్తా? గుట్టెక్కాల."

"నువ్వు గుట్టెక్కు. మేము డోలీ కట్టుకుని రోడ్డు దాకా మోసుకొస్తాం."

రాష్ట్రంలో 108 అంబులెన్సులు 2005 ఆగస్టు 15న మొదలైంది వైఎస్ హయాంలోనే. దానికి డబ్బు తీసుకోరు. అయితే ఆ బండి కదలాలంటే ముందు ఒక ఫోను మోగాలి.

మాట ఇచ్చిన ఏళ్ళు

ఊరికొక పబ్లిక్ ఫోను 1997 కల్లా ఇస్తామని 1994 టెలికాం విధానం చెప్పింది. 1999 విధానం ఆ గడువును 2002కు జరిపింది. తీగ లాగలేని ఊళ్ళకు రేడియో తరంగాలతో నడిచే 'మార్' ఫోన్లు పెట్టారు. అవి తరచూ మూగబోతుంటే తర్వాత మార్చాల్సి వచ్చింది. 2004 నవంబరులో 66,822 ఊళ్ళకు ఫోన్లు పెట్టే పని బీఎస్‌ఎన్‌ఎల్‌కు అప్పగించారు. అందులో సుమారు 14 వేల మారుమూల ఊళ్ళకు ఉపగ్రహ ఫోన్లే దారి అని తేల్చారు.

ఫోనున్న ఊళ్ళో అది ఒక్కరి సొత్తు కాదు. కరువుకు హైదరాబాదు, గుంటూరు వలస పోయినవాళ్ళు కొట్టుకు ఫోను చేసి "మా అమ్మను పిలవన్నా, అరగంటాగి మళ్ళీ చేస్తా" అనేవాళ్ళు. మీటరు తిరుగుతుందని భయం. పిల్లాడు పరుగెత్తేవాడు. అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చేది.

సెల్లు వచ్చాక ఎస్టీడీ బూత్‌లు మూతపడ్డాయి. టవరున్న ఊరికి నష్టం లేదు. టవరు లేని గూడేనికి పాతదీ దక్కలేదు, కొత్తదీ రాలేదు. నాలుగైదు పదుల ఇళ్ళున్న చోట టవరు వేస్తే కంపెనీకి కరెంటు ఖర్చూ రాదు. అలాంటి ఊళ్ళ కోసమే 2002లో సార్వత్రిక సేవా నిధి పెట్టారు. 2022 జులైలో 26,316 కోట్లతో 24,680 ఊళ్ళకు 4జీ ఇవ్వాలని కేంద్రం నిర్ణయించింది.

టవరు వచ్చేదాకా ప్రసవాలు ఆగవు, పాముకాట్లు ఆగవు. సిగ్నలందని ప్రతి గూడెంలోనూ ఆశా కార్యకర్త చేతికో, అంగన్‌వాడీకో ఒక ఉపగ్రహ ఫోను, దాన్ని నింపడానికి ఒక సోలార్ పలక ఇవ్వాలి. నెలకోసారి అది పలుకుతోందో లేదో చూసి సంతకం పెట్టే అధికారి ఎవరో కూడా తేల్చాలి. ముఖ్యమంత్రి కోసం ఉపగ్రహాన్నే తిప్పిన ప్రభుత్వాలకు ఇది చేతగాని పని కాదు.