ఫోన్ సీజ్ చేస్తే, లాప్‌టాప్ హ్యాక్ అయితే: డిజిటల్ సాక్ష్యం గురించి మనం తెలుసుకోవాల్సింది

2022 ఏప్రిల్‌లో నెల్లూరు కోర్టులో దొంగలు పడ్డారు. ఒక ఫోర్జరీ కేసు సాక్ష్యాలున్న సంచిని ఎత్తుకెళ్లారు. అందులో పత్రాలతో పాటు లాప్‌టాప్, సెల్‌ఫోన్లు కూడా ఉన్నాయి. నవంబరులో హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. కోర్టులో ఉన్న సాక్ష్యానికే భద్రత లేనప్పుడు, కావలి నుంచి కృష్ణపట్నం దాకా తీరంలో పనిచేసే మన కార్యకర్తల ఫోన్లు సీజ్ అయ్యాక వాటికి పూచీ ఎవరు?

సీజ్ తర్వాత: హాష్ విలువ

డిస్క్‌లోని డేటా మొత్తానికి లెక్కగట్టే వేలిముద్ర లాంటిది హాష్. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో ఇది 64 అక్షరాలు, అంకెల వరుస. ఒక్క అక్షరం మారినా హాష్ మారిపోతుంది. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో హాష్ రాయాలి. సోదా, సీజ్‌లను వీడియో తీయాలని బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 105 చెబుతోంది. పంచనామాలో హాష్ నమోదు చేయమని అక్కడే అడగాలి.

సీజ్‌కు ముందు: చొప్పించిన ఫైళ్లు

హాష్ అంతకుముందు జరిగిన మోసాన్ని పట్టుకోలేదు. భీమా కోరేగావ్ కేసులో రోనా విల్సన్ లాప్‌టాప్ క్లోన్ కాపీని అమెరికా సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్ పరిశీలించింది. 2016 జూన్‌లో వరవరరావు ఈమెయిల్ ఖాతా నుంచి వచ్చిన మెయిల్ ద్వారా నెట్‌వైర్ అనే మాల్‌వేర్ చొరబడిందనీ, ఆ తర్వాతే నేరారోపణకు ఆధారమైన లేఖలను అందులో పెట్టారనీ 2021 ఫిబ్రవరి నివేదికలో తేల్చింది. దళిత న్యాయవాది సురేంద్ర గాడ్లింగ్ కంప్యూటర్‌పైనా ఇదే తరహా దాడి జరిగిందని అదే ఏడాది చెప్పింది. ఎన్‌ఐఏ ఈ నివేదికలను ఒప్పుకోలేదు. అయినా డిఫెన్స్ చేతికి క్లోన్ కాపీ రాకపోతే ఈ ప్రశ్నే పుట్టేది కాదు. నిందితులకు సాధారణంగా ఆ కాపీ ఇవ్వాలని 2019లో దిలీప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

దాడి అనుమానం వస్తే

- నెట్ ఆపండి. ఫార్మాట్, రీసెట్ చేయొద్దు, ఆధారాలు పోతాయి.
- స్క్రీన్‌ను మరో ఫోన్‌తో ఫొటో తీసి తేదీ, సమయం రాసుకోండి.
- అనుమానాస్పద మెయిల్‌ను తొలగించొద్దు. హెడర్లతో సహా దాచండి.
- పాస్‌వర్డ్‌లను వేరే పరికరం నుంచి మార్చండి.
- కులదూషణ పోస్టులైతే లింకు, ప్రొఫైల్ భద్రపరచండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, మెసేజ్ వచ్చిన ఫోన్‌నూ ఉంచండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు చేయండి. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి.
- డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ప్రతి సంఘంలో ఒకరైనా ఈ పని నేర్చుకోవాలి. కేసు పడ్డాక కాదు, ముందే.