బహ్రెయిన్ వెండి: నాణెం ఒకరిది, ముద్ర ఇంకొకరిది

ఒకరు కొట్టిన నాణెం మీద ఇంకొకరు తమ ముద్ర వేసి చలామణీ చేయడం పాత ఉపాయమే. టంకశాల పెట్టే స్తోమత లేని పాలకుడికి ఉక్కు అచ్చు, సుత్తి ఉంటే చాలు. అయితే ఆ ముద్ర ఎంతవరకు పనిచేస్తుంది? దీనికి బహ్రెయిన్ చరిత్ర మంచి సమాధానం చెబుతుంది.

1861 ఒప్పందంతో బహ్రెయిన్ బ్రిటిష్ ఛత్రం కిందికి వచ్చింది. దాని సంపదంతా ముత్యాలే. అవి బొంబాయికి వెళ్లేవి, అక్కడి నుంచి కొన్ని హైదరాబాద్ దాకా వచ్చేవి. ప్రతిగా వెండి వచ్చేది. ఆ వెండిలో ముఖ్యమైనవి రెండు నాణేలు. ఒకటి 11.66 గ్రాముల భారతీయ రూపాయి. రెండోది ఆస్ట్రియా రాణి మరియా థెరెసా థాలర్, 28 గ్రాములు. రాణి 1780లో చనిపోయినా, ఆ తర్వాత కొట్టిన థాలర్ల మీదా అదే సంవత్సరం ఉండేది. 1940-41లో బొంబాయి టంకశాల కూడా వాటిని కొట్టింది.

1893లో భారత ప్రభుత్వం ప్రజలు తెచ్చిన వెండికి రూపాయిలు కొట్టివ్వడం ఆపేసింది. అప్పటి నుంచి రూపాయి విలువ ప్రభుత్వం మాట మీద, థాలర్ విలువ షరాబు త్రాసు మీద నిలిచాయి.

అరేబియా లోపలి ప్రాంతమైన నజ్ద్‌కు బొంబాయి సరుకు బహ్రెయిన్ మీదుగా ఉఖైర్ రేవుకు చేరేది. 1913లో ఆ రేవు ఉన్న అల్ హసాను గెలుచుకున్న నజ్ద్ పాలకుడు ఇబ్న్ సౌద్ రాజ్యంలో ఈ రెండు నాణేల మీదా ‘నజ్ద్’ అనే పైముద్ర పడింది. పశ్చిమ అరేబియాలోని హిజాజ్‌లోనూ ఇదే పద్ధతి. అచ్చు తయారీ సులువు కనుక నకిలీ ముద్రలూ పుట్టాయి. సేకర్తలు నేటికీ వాటిని అనుమానంగానే చూస్తారు.

కాగితం కాలంలోనూ ఈ ఉపాయం మళ్లీ కనిపించింది. భారత రూపాయే చెల్లే గల్ఫ్ నుంచి బంగారం దొంగరవాణాతో విదేశీ మారకం హరించుకుపోతుంటే, 1959లో భారతదేశం గల్ఫ్ కోసం వేరే రూపాయి నోట్లు తెచ్చింది. రంగు మారింది, వరుస సంఖ్య ముందు ‘జెడ్’ చేరింది. అవి ఇండియాలో చెల్లేవి కావు.

1965 అక్టోబరులో బహ్రెయిన్ 10 రూపాయలకు ఒకటి చొప్పున సొంత దినార్ తెచ్చుకుంది. ఎనిమిది నెలలకే, 1966 జూన్ 6న, భారతదేశం రూపాయి విలువ తగ్గించింది. అప్పటికీ దానితో ముడిపడ్డ గల్ఫ్ రూపాయినే వాడుతున్న ఖతార్, దుబాయ్ ఉన్నపళంగా వేరే నాణెం వెతుక్కోవలసి వచ్చింది. ముద్రతో డబ్బు ఎక్కడ చెల్లాలో నిర్ణయించవచ్చు. ఎంతకు చెల్లాలన్నది మాత్రం దాన్ని పుట్టించినవాడి చేతిలోనే ఉంటుంది.