కొత్త వెర్షన్ రాకముందే

2001 ఆగస్టులో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది. ఏడో వెర్షన్ కోసం 2006 అక్టోబరు 18 దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో ఐదేళ్లు. అప్పుడప్పుడే వెబ్ డిజైన్‌లోకి వచ్చిన ఒక తరం మొత్తం ఆ ఒక్క బ్రౌజర్ తప్పులను కంఠతా పట్టి, వాటికి విరుగుళ్లు నేర్చుకుని, అదే విద్య అనుకుంది. ప్రపంచంలో అత్యధికులు వాడే బ్రౌజర్ మారబోతోందని తెలిసినప్పుడు ఆ తరం పడ్డ హైరానాలోనే, నేటి పరీక్ష పద్ధతులకు చాలావరకు పునాది పడిందని నా అభిప్రాయం.

అంతకుముందు కొత్త వెర్షన్లకు కరువు లేదు. 1997 జూన్‌లో నెట్‌స్కేప్ 4 వచ్చింది, అదే ఏడాది కొన్ని నెలలకు ఎక్స్‌ప్లోరర్ 4. పేజీలో ఒక బొమ్మను కదిలించాలంటే రెండింటికీ రెండు రకాల స్క్రిప్టులు రాయాలి. వచ్చిన బ్రౌజర్ పేరు కనుక్కుని, దానికి తగ్గది అందించేవారు. నెట్‌స్కేప్‌కు మాత్రమే మంచి పేజీ ఇచ్చే సైట్లను దాటడానికి మైక్రోసాఫ్ట్ తన బ్రౌజర్ చేత కూడా నెట్‌స్కేప్ లాగే ‘మొజిల్లా’ అనే చెప్పించింది. క్రోమ్, సఫారీ ఈనాటికీ తమను తాము ఆ మాటతోనే పరిచయం చేసుకుంటాయి. ‘ఫలానా బ్రౌజర్‌లో చూస్తేనే బాగుంటుంది’ అని పేజీ అడుగున బొత్తాం పెట్టి ఊరుకున్న సైట్లు కొల్లలు.

తెలుగు పత్రికల సైట్లది ఇంకో బాధ. యూనికోడ్ ఇంకా ఇంటింటికీ చేరని రోజుల్లో ఏ పత్రిక ఫాంటు దానిదే. పేజీతోపాటు ఫాంటును పంపే ఏర్పాటు ఎక్స్‌ప్లోరర్‌లో ఒకలా, నెట్‌స్కేప్ 4లో మరోలా ఉండేది. తర్వాత వచ్చిన మొజిల్లా బ్రౌజర్లలో ఆ ఏర్పాటే లేకపోయింది. అలాంటి సైటును ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే వార్తల చోట అర్థంలేని గుర్తులు కనిపించేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చదివించడానికి ‘పద్మ’ అనే ఎక్స్‌టెన్షన్ పుట్టింది. సైటు చేయాల్సిన పనిని పాఠకుడి పక్షాన ఎవరో చేసిపెట్టారన్నమాట.

పరీక్ష అనేదానికి ఒక కొలబద్ద 1998లో దొరికింది. ఆ ఏడాదే వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్ట్ మొదలైంది. ఆ ఏడాదే టాడ్ ఫార్నర్ ‘యాసిడ్ టెస్ట్’ అనే చిన్న పేజీ తయారుచేశాడు. పెట్టె వెడల్పు 200 పిక్సెళ్లు, రెండు వైపులా లోపలి ఖాళీ 20 చొప్పున, అంచు 5 చొప్పున అని రాస్తే, ప్రమాణం ప్రకారం మొత్తం 250 కావాలి. విండోస్‌లోని ఎక్స్‌ప్లోరర్ 5 మాత్రం అన్నింటినీ 200లోనే కుదించేది. ఇలాంటి తేడాలు ఒక్క చూపులో తేలిపోయేలా ఆ పేజీ ఉండేది. ‘మా బ్రౌజర్‌లో ఇలాగే కనిపిస్తుంది’ అన్న సమాధానానికి అప్పటినుంచి కాలం చెల్లడం మొదలైంది.

ఎక్స్‌ప్లోరర్ 6 ఆ పెట్టె లెక్కను సరిచేసింది గానీ వేరే తప్పులు మిగిల్చింది. పక్కకు జరిపిన పెట్టెకు ఖాళీ రెట్టింపయ్యేది. కొన్నిచోట్ల అక్షరాలు మాయమై, పేజీని జరిపితే మళ్లీ కనిపించేవి. డిజైనర్లు ఈ తప్పులకు దొడ్డిదారి కనిపెట్టారు. హెచ్‌టీఎమ్ఎల్ పేజీకి మూలమూలకం ఒకటే. దానిపైన ఇంకేదీ ఉండదు. ఎక్స్‌ప్లోరర్ మాత్రం ఆరో వెర్షన్ దాకా పైన ఏదో ఉన్నట్టు భ్రమపడేది. కాబట్టి ‘దేనిలోపలైనా ఉన్న హెచ్‌టీఎమ్ఎల్’ అని నియమం రాస్తే మిగతా బ్రౌజర్లు వదిలేసేవి, అది ఒక్కటే పాటించేది. ఈ ‘స్టార్ హెచ్‌టీఎమ్ఎల్’ చిట్కా వేలాది సైట్లలోకి పాకింది. ఒక తప్పును దిద్దడానికి ఇంకో తప్పును ఆసరా చేసుకున్నారు. ఆ రెండు తప్పులూ ఒకేసారి పోతాయన్న హామీ ఎవరూ ఇవ్వలేదు.

సరిగ్గా అక్కడే దెబ్బ తగిలింది. ఏడో వెర్షన్ ఆ భ్రమను వదిలించుకుంది, కానీ పేజీ అమరికలోని లోపాలన్నీ పోలేదు. విరుగుడు పనిచేయడం మానేసింది, రోగం కొంత మిగిలింది. పాత ఎక్స్‌ప్లోరర్‌కు అర్థం కాని ‘చైల్డ్ సెలెక్టర్’ చాటున మంచి బ్రౌజర్లకని దాచిన నియమాలు ఇప్పుడు ఏడో వెర్షన్‌కూ అర్థమయ్యాయి. ఆ సంగతి పసిగట్టిన మైక్రోసాఫ్ట్ బృందమే 2005 అక్టోబరులో, వెర్షన్ విడుదలకు ఏడాది ముందే, ఇలాంటి చిట్కాలు (హ్యాకులు) తీసేయండని డిజైనర్లకు బహిరంగంగా విజ్ఞప్తి చేసింది. వాటి బదులు ‘కండిషనల్ కామెంట్లు’ వాడమంది. ఏడుకన్నా పాత వెర్షన్ అయితేనే ఫలానా స్టైల్‌షీట్ తీసుకో అని అందులో తేటగా చెప్పొచ్చు. ఆ విజ్ఞప్తి విన్నవాళ్లు బతికిపోయారు.

వినడం ఒక ఎత్తు, పరీక్షించడం ఒక ఎత్తు. 2006 జనవరి 31న రెండో బీటా ముందస్తు ప్రతి అందరికీ అందుబాటులోకి వచ్చింది. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే ఆరో వెర్షన్ చోటులో అది కూర్చుంటుంది. విండోస్‌లో కలిసిపోయిన బ్రౌజర్ కాబట్టి రెండూ పక్కపక్కన ఉండవు. విండోస్ 2000 వాడేవాళ్లకు ఏడో వెర్షన్ రాదు కాబట్టి ఆరును వదిలేయడానికీ లేదు. రెండో కంప్యూటర్ పెట్టుకోగలిగినవాళ్లు పెట్టుకున్నారు. లేనివాళ్లు, కొన్ని ఫైళ్లను వేరే ఫోల్డర్‌లో ఉంచి పాత ఎక్స్‌ప్లోరర్‌ను విడిగా నడిపే ఉపాయాన్ని నమ్ముకున్నారు. కుకీలు, కండిషనల్ కామెంట్ల దగ్గర అది తప్పుదారి పట్టించేది. విడుదలయ్యాక కొద్ది వారాలకు మైక్రోసాఫ్ట్ ఆరో వెర్షన్‌తో కూడిన వర్చువల్ మెషీన్‌ను ఉచితంగా ఇచ్చింది. అది ముందే ఇచ్చి ఉండాల్సింది.

2006లోనే యాహూ నుంచి ఇంకో ఆలోచన వచ్చింది. బ్రౌజర్లకు శ్రేణులు పెట్టి, పై శ్రేణిలోవి క్షుణ్ణంగా పరీక్షించాలని, కింది శ్రేణికి అలంకారం లేకున్నా విషయం అందాలని ఆ సంస్థ చెప్పింది. అన్నిటిలోనూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండాలన్న పట్టుదల అక్కడ సడలింది. నా దృష్టిలో ఈ వృత్తిలో వచ్చిన పెద్ద మలుపు అదే.

పేరు, అంకె చూసి నిర్ణయించే అలవాటు మాత్రం తొందరగా పోలేదు. 2009లో ఒపెరా 10 రావాల్సినప్పుడు, చాలా సైట్లు మొదటి అంకె మాత్రమే చదివి దాన్ని ఒకటో వెర్షన్‌గా లెక్కించాయి. చివరకు ఒపెరా తనను తాను 9.80గా పరిచయం చేసుకుని, అసలు అంకెను చివర చేర్చాల్సి వచ్చింది. 2022లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ వందో వెర్షన్‌కు చేరాయి. ఈసారి పాఠం గుర్తుంది. నెలల ముందే, క్రోమ్ 96లోనే, వందో వెర్షన్‌గా నటించే మీటను పెట్టి సైట్లను సరిచూసుకోమన్నారు.

అప్పటికి కొత్త వెర్షన్ అనేది పండగలా ఏటికోసారి వచ్చేది కాదు. క్రోమ్ 2010లో ఆరు వారాలకొకటి, 2021 సెప్టెంబరులో నాలుగు వారాలకొకటి విడుదల చేసే పద్ధతికి మారింది. చేత్తో ఒక్కో పేజీ తెరిచి చూడటం ఇక కుదరదు. 2004లో పుట్టిన సెలీనియం లాంటి సాధనాలు ఆ పనిని స్క్రిప్టులకు అప్పగించాయి. 2011లో ముంబైలో మొదలైన బ్రౌజర్‌స్టాక్ ఎన్నో బ్రౌజర్లనూ ఫోన్లనూ దూరం నుంచే అద్దెకిస్తోంది. పోటీ సంస్థలే ఉమ్మడి పరీక్షల కట్ట రాసుకుని, 2022 నుంచి ‘ఇంటరాప్’ పేరుతో ఏటా తమ లోపాలను సరిచేసుకుంటున్నాయి. ఒకప్పుడు డిజైనర్ ఒంటరిగా మోసిన బరువులో కొంత దించారు.

అయినా అన్ని భాషలకూ ఆ పరీక్షలు సమానంగా చేరలేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరం మధ్య కనబడని ఒక విడదీత గుర్తు చేరితే చాలు, ఐఫోన్‌లో దాన్ని చూపబోయిన యాప్ కుప్పకూలేది. లోపం అక్షరాలను గీసే వ్యవస్థలోది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. తెలుగు ముక్కలు నాలుగు ముందే పరీక్షలో ఉంటే బయటపడేదేమో.

కాబట్టి తెలుగు సైట్లు చేసేవారికి ఒక మనవి. బీటా వచ్చిన రోజున మీరు తెరిచి చూసే పేజీలో ‘స్వాతంత్ర్యం’, ‘రాష్ట్రం’, ‘విజ్ఞానం’ లాంటి మాటలు ఉంచండి. వరుసల మధ్య దూరం తగ్గితే కింది వత్తులు తెగిపోతున్నాయేమో, బొత్తాల అంచుల్లో అక్షరాలు కోసుకుపోతున్నాయేమో చూడండి. లోపం కనబడితే ఆ పేజీని జతచేసి, విడుదలకు ముందే బ్రౌజర్ తయారీదారులకు తెలియజేయండి.