కోరస్ జవాబు చాటున మౌనం: ఆమడగూరు వంటి గ్రామీణ మండలాల ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు తరగతి

ఆంధ్రప్రదేశ్ పదవ తరగతి పరీక్షా విధానంలో ఇంగ్లీషు మూడవ భాష. శ్రీ సత్యసాయి జిల్లా ఆమడగూరు వంటి కర్ణాటక సరిహద్దు మండలంలో ఇంటా వీధిలోనూ తెలుగు, కొన్ని ఇళ్లలో ఉర్దూ, కదిరి చుట్టుపక్కల తండాల్లో లంబాడీ, పొరుగు రాష్ట్రంతో రాకపోకల వల్ల కొంత కన్నడం వినిపిస్తాయి గాని, బడి గడప దాటాక ఇంగ్లీషులో బదులు చెప్పవలసిన సందర్భం విద్యార్థికి దాదాపు రాదు కనుక, పాఠ్యప్రణాళిక దానికి ఏ స్థానం ఇచ్చినా ఆచరణలో అది విదేశీ భాషగానే మిగిలిపోతుంది.

అటువంటి తరగతిలో 'భాగస్వామ్యం' అనే మాటను పైకి వినబడే మాటలతోనే కొలిస్తే లెక్క తప్పుతుంది. "అర్థమైందా?" అని ఉపాధ్యాయుడు అడగగానే "అర్థమైంది సార్!" అని తరగతి మొత్తం ఒక్క గొంతుతో పలికే కోరస్ జవాబులో ఎవరికి అర్థమైందో, ఎవరు పక్కవాడి గొంతు చాటున దాక్కున్నారో తేలదు. ఉపాధ్యాయుని ప్రశ్న, విద్యార్థి జవాబు, దానిపై ఉపాధ్యాయుని తీర్పు అనే మూడు మెట్ల సంభాషణ క్రమాన్ని భాషావేత్తలు సింక్లెయిర్, కూల్‌తార్డ్ 1975లో బ్రిటన్ తరగతుల ఆధారంగా వివరించారు. మన తరగతుల్లో రెండవ మెట్టు తరచు సామూహిక ఉచ్చారణగా మారిపోయి, మూడవ మెట్టు "వెరీ గుడ్"తో ముగిసిపోతుంది.

మౌనాన్ని నిరాసక్తతగా భావించడం తొందరపాటే. తప్పు పలికితే తోటివారు నవ్వుతారన్న బెదురును పరభాషా తరగతికే ప్రత్యేకమైన ఆందోళనగా గుర్తించి, దాన్ని కొలిచేందుకు హోర్విట్జ్ బృందం 1986లో 33 అంశాల ప్రశ్నావళిని రూపొందించింది. బెదురుకు తోడు పరీక్ష ఒకటుంది. పదవ తరగతి పబ్లిక్ పరీక్ష రాతపరీక్షే కావడం వల్ల వినడానికీ మాట్లాడడానికీ అక్కడ మార్కులు లేవు. నిరంతర సమగ్ర మూల్యాంకనం కింద ఉండిన 20 అంతర్గత మార్కులను కూడా 2019లో తొలగించడంతో, గైడులోని జవాబును బట్టీపట్టే విద్యార్థి పరీక్ష తనను అడిగిన పనే చేస్తున్నాడు. ఈ విషయంలో తప్పు పిల్లలదని అనడం కష్టం.

ప్రశ్నకూ జవాబుకూ నడుమ ఉపాధ్యాయుడు ఆగే వ్యవధిని నిరీక్షణ కాలం అంటారు. అమెరికా విజ్ఞానశాస్త్ర తరగతులను పరిశీలించిన మేరీ బడ్ రో, సాధారణంగా ఒక సెకను మాత్రమే ఉండే ఈ వ్యవధిని మూడు సెకన్లకు పెంచితే జవాబులు నిడివైనవిగా మారాయనీ, అడగకుండానే ముందుకు వచ్చేవారు పెరిగారనీ 1974లో తెలిపారు. ప్రశ్నను తెలుగులో ఆలోచించుకుని ఇంగ్లీషులోకి తెచ్చుకోవలసిన పిల్లలకు ఆ మూడు సెకన్లయినా చాలవు.

ఇంతకంటే దగ్గరి ఆధారం బెంగళూరులోనే దొరుకుతుంది. ఎన్. ఎస్. ప్రభు 1979-84 మధ్య బెంగళూరు, మద్రాసు తదితర దక్షిణాది పాఠశాలల్లో నడిపిన ప్రాజెక్టులో వ్యాకరణ పాఠానికి బదులు, రైళ్ల వేళల పట్టిక వంటి సమాచారం నుంచి తర్కించి ఫలితం రాబట్టే పనులు ఇచ్చారు. మొదట ఉపాధ్యాయుడు అటువంటి పనినే తరగతి మొత్తంతో కలిసి ప్రశ్నోత్తరాలుగా చేసేవాడు, ఆ తర్వాత విద్యార్థి ఒంటరిగా మరొకటి చేసేవాడు. ఫలితం సరైనదా అన్నదే ప్రధానం, భాషాదోషం ఆనుషంగికం. బృందచర్చలను ప్రభు ప్రోత్సహించలేదన్నది నేటి శిక్షణా తరగతుల్లో అరుదుగా వినబడే సంగతి. అదే తీరున కదిరి బస్సు వేళలు ఇంగ్లీషులో ముందుంచి, పది గంటలకు మొదలయ్యే పరీక్షకు ఏ బస్సు ఎక్కాలో తేల్చమంటే, తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒక్క అంకె చెప్పి ఊరుకోవచ్చు. ఆ అంకె వెనుక పట్టిక చదవడం, వేళలు పోల్చడం, ఒకదాన్ని కాదనుకోవడం ఉన్నాయి, అవి జరిగింది ఇంగ్లీషు ఆధారంగానే.