డాక్టరు డైరీ ఎంత నిండింది?

1948 జులై 5న బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. వైద్యం ఉచితం కావడంతో ఆసుపత్రుల ఓపీలు కిక్కిరిశాయి. స్పెషలిస్టు నిమిషం కూడా ఖాళీగా ఉండకూడదని చాలామంది రోగులను ఒకే వేళకు రమ్మనేవారు. రోగి పూటంతా కూర్చున్నా ఆ సమయాన్ని ఎవరూ లెక్కగట్టేవారు కాదు.

దాన్ని లెక్కలోకి తెచ్చినవాడు గణాంకవేత్త నార్మన్ బెయిలీ. యాదృచ్ఛిక సంఖ్యల సాయంతో కాగితం మీదే ఓపీలు నడిపి చూసి, 1952లో జె.డి. వెల్చ్‌తో కలిసి ఒక పద్ధతి సూచించాడు. మొదట ఇద్దరిని పిలవాలి. తర్వాత, ఒక్కొక్కరిని చూడటానికి సగటున పట్టేంత ఎడంతో మిగతావారికి వేళలివ్వాలి. డాక్టరు కాసిన్ని నిమిషాలు ఖాళీగా ఉండటానికి ఒప్పుకుంటే రోగుల నిరీక్షణ ఎంతో తగ్గుతుందని ఆ లెక్కల్లో తేలింది.

అయినా నిండిన డైరీ మీద మోజు పోలేదు. 1990లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, కైజర్ పర్మనెంటే క్లినిక్కుల్లో డాక్టర్ల డైరీలు వారాల తరబడి నిండి ఉండేవి. ఇవాళ జ్వరమొచ్చినవాడికి మాత్రం చోటు లేదు! డాక్టర్ మార్క్ ముర్రే, నర్సు కేథరిన్ టాంటౌ పేరుకున్న పాత పనిని ముందు తీర్చేసి, ఏ రోజు అడిగినవారిని ఆ రోజే చూసేలా డైరీలో ఖాళీ ఉంచారు. 55 రోజుల నిరీక్షణ ఏడాదిలోపే ఒక్క రోజుకు దిగింది.

ఆ పనితో ప్రచారంలోకి వచ్చిన కొలమానం మరీ తెలివైనది. ఇవాళ్టి నుంచి మూడో ఖాళీ అపాయింట్‌మెంటు ఎన్ని రోజుల దూరంలో ఉందో చూస్తారు. మొదటి ఖాళీ, రెండో ఖాళీ ఎవరో రద్దు చేసుకోవడం వల్ల దొరికినవి కావచ్చు. మూడోది అసలు పరిస్థితి చెబుతుంది.

కొలతను గురిగా మారిస్తే మాత్రం అది వక్రిస్తుంది. 2004కల్లా రోగి 48 గంటల్లో కుటుంబ వైద్యుణ్ని చూడగలగాలని బ్రిటన్ నిర్ణయించింది. గడువు దాటకూడదని కొన్ని క్లినిక్కులు ముందస్తు బుకింగులే మానేశాయి. 2005లో టీవీ కార్యక్రమంలో ఒక మహిళ ఈ మాట చెబితే ప్రధాని టోనీ బ్లెయిర్ విస్తుపోయారు.

అమెరికాలో ఇంకా ఘోరం. మాజీ సైనికుల ఆసుపత్రులకు 14 రోజుల గడువు పెట్టారు. ఫీనిక్స్‌లో రోగుల పేర్లు అధికారిక జాబితాకు ఎక్కకుండా చాటు జాబితాలు నడిపారని 2014లో బయటపడింది. ఆ శాఖ మంత్రి ఎరిక్ షిన్‌సెకీ ఆ ఏడాది మే 30న రాజీనామా చేశారు.

మన దేశంలో ఆన్‌లైన్‌లో డాక్టర్ అపాయింట్‌మెంట్లు ఇప్పించే ప్రాక్టో సంస్థ 2008లో పుట్టింది. ప్రభుత్వ ఆసుపత్రుల ఆన్‌లైన్ ఓపీ రిజిస్ట్రేషన్ 2015లో వచ్చింది. తెలుగు ఊళ్లలో ఇప్పటికీ చాలా క్లినిక్కులు టోకెన్ల మీదే నడుస్తున్నాయి. టోకెను ముందు ఎందరున్నారో చెబుతుంది గానీ, పిలుపు ఎప్పుడొస్తుందో చెప్పదు. అది చెప్పడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కాంపౌండరు పుస్తకంలో రోగి వచ్చిన వేళకొకటి, లోపలికి వెళ్లిన వేళకొకటి, బయటికొచ్చిన వేళకొకటి మూడు గడులు గీస్తే నెల తిరిగేసరికి సగటు చేతికొస్తుంది.